పూల కప్పు

"యోహాను మిషన్ల నా ఫైళ్ళు తెరుచుకుంటలేవు. వానికి చేతనైతలేదని రాసియ్యున్రి వహీద్ సాబ్. వేరేటోన్ని పెట్టుకుంటం," అన్నాడు పత్తి మిల్లు పెద్ద గుమాస్తా.

షాద్‌నగర్‌లోని ఆ ఆఫీసుకు రెండు కంప్యూటర్లు తెచ్చి, ఒకదాన్నొకటి కేబులుతో కలిపింది నేనే. ఎప్పుడు వెళ్ళినా ఆయన నాకు పూల పింగాణీ కప్పులో చాయ్ ఇప్పిస్తాడు. తాను మాత్రం మామూలు స్టీలు గ్లాసులో తాగుతాడు. ఆ మర్యాద నాకు నచ్చేది.

కేబులు బాగానే ఉంది. రెండో కంప్యూటరు మీద లెక్కలు రాసే యోహాను ఫైళ్ళు గుమాస్తా మిషన్లో తెరుచుకుంటున్నాయి. గుమాస్తావి మాత్రం యోహానుకు కనిపించడం లేదు. ఒకరి ఫైళ్ళు ఇంకొకరికి కనిపించేలా పోయినసారి నేను పెట్టి వెళ్ళిన షేరింగ్‌ను ఎవరో తీసేశారు.

"నేనే తీసేసిన," అన్నాడు గుమాస్తా, దాచాల్సిందేమీ లేనట్టు. "వాని మిషన్లకు నేను పోత. నా మిషన్లకు వాడు వచ్చుడేంది? వాళ్ళది ఏ వాడనో మీకెరికేనా?"

తప్పు యోహానుది కాదనీ, షేరింగ్ తీసింది గుమాస్తాయేననీ రాసి, మిల్లు యజమాని బల్ల మీద పెట్టి బయటికొచ్చాను.

వరండాలో యోహాను తన గ్లాసు కడుక్కుంటున్నాడు. దాని జాగా కిటికీ బయట.

"గిసొంటి కాడ చాయ్ ఎట్ల తాగబుద్దయితది యోహానూ నీకు?" అన్నాను.

యోహాను నా పూల కప్పు కూడా కడిగి, తన గ్లాసు పక్కనే బోర్లించాడు.

"ఇది లోపలి గ్లాసులల్ల కలవదు సార్," అన్నాడు. "మీరొచ్చిననాడే తీస్తం."