మిట్టింటి మూలపురుషుడు

ఈ ఏడు జాతరలో మొదటి తాంబూలం పల్లపింటి గంగిరెడ్డికని చావడిలో పెద్దలు చెప్పగానే, మిట్టింటి ఓబుల్‌రెడ్డి తలగుడ్డ దులిపి లేచి నిలబడ్డాడు. అడివి కొట్టి ఈ ఊరు కట్టింది తన వంశమనీ, ఏడు మార్చి ఏడు పంచుకోవడానికి తాంబూలమేమీ కాలవ నీళ్ళు కాదనీ అన్నాడు.

ఎర్రవంకపల్లెలో ఊరు కట్టినవాళ్ళ ఇంటి మగవాడు తాంబూలం అందుకుంటే గానీ గంగమ్మకు పొట్టేలు తెగదు. కట్టింది మేమంటే మేమని రెండిళ్ళవాళ్ళూ అంటారు కాబట్టి, ఊరు ఒక ఏడు వీళ్ళకూ ఒక ఏడు వాళ్ళకూ ఇచ్చి, గొడవ లేకుండా మాంసం తింటూ వస్తోంది.

"రుజువేమన్నా ఉండాదా?" అన్నాడు గంగిరెడ్డి.

"కడపలో ఉండాది. కుంపిణీ దొరలు ఊరూరూ తిరిగి రాయించి పెట్టినారు. తెస్తా ఉండు."

మర్నాడే ఓబుల్‌రెడ్డి రాయచోటిలో బస్సెక్కాడు. గువ్వలచెరువు ఘాటు దిగేలోపల, తన మూలపురుషుడు వట్టి చేతులతో పులిని చంపి ఊరు కట్టిన సంగతి పక్క సీటాయనకు చెప్పాడు. కడప చేరేసరికి అవి రెండు పులులయ్యాయి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది కూడా కాలేదు. పాత కాగితం ఏది అడిగినా, కొత్త రాజధాని కర్నూలుకు పోయుంటుందని కలెక్టరు కచేరీలో గుమాస్తా మర్యాదగా చెప్పేవాడు. ఓబుల్‌రెడ్డి ఆయన ఎదురుగా బెంచీ మీద సద్దిమూట విప్పుకుని కూర్చుని, లేవకుండా ఉండిపోయాడు. చివరికి మనిషిని వదిలించుకోవడం కంటే కాగితం వెతకడమే సులువని గుమాస్తాకు తోచింది. దుమ్ముకు తుమ్ముతూ తుమ్ముతూ ఒక కట్ట తీసి, నకలు రాసిచ్చాడు.

అందులో పులి లేదు. పెద్ద కొండారెడ్డి అనే అతను తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ వచ్చి, అది కనబడక, ఇంటికి పోతే అన్న తిడతాడని భయపడి, కంపచెట్లు కొట్టి వంక పక్కన గుడిసె వేసుకున్నాడని ఉంది. అతనికి ఇద్దరు కొడుకులనీ, పెద్దవాడు మిట్ట మీద, చిన్నవాడు పల్లంలో ఇళ్ళు కట్టుకున్నారనీ ఉంది.

ఇంటికొచ్చి చదివి వినిపిస్తే, ఓబుల్‌రెడ్డి భార్య సుబ్బక్క అంతా శ్రద్ధగా విని, "ఆ బర్రె మళ్ళా దొరికిందా?" అని అడిగింది.

"వంశం గురించి చెప్తాంటే బర్రె గురించి అడుగుతావేమే?"

"పాడి బర్రేమో అని," అంది సుబ్బక్క.

చావడిలో ఓబుల్‌రెడ్డి నకలు చదివాడు. బర్రె వచ్చిన చోట దగ్గు వచ్చి ఒక వాక్యం దాటిపోయింది. పెద్ద కొడుకు వంశం తనది, చిన్న కొడుకు వంశం గంగిరెడ్డిది. ఇంక పెద్దవాళ్ళు ఉండగా చిన్నవాళ్ళకు తాంబూలమేమిటని అడిగాడు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, న్యాయమేనన్నారు.

గంగిరెడ్డి మాత్రం మెల్లగా లేచి దగ్గరికి వచ్చాడు. "ఆ కాగితం మడిచి పెట్టుకో రెడ్డీ. ఒక్క మాట, పక్కకు రా."

"నాతో చాటు మాటలేంది? చెప్పేదేమన్నా ఉంటే పది మంది ముందర చెప్పు."

గంగిరెడ్డి పది మంది వైపూ చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఓబుల్‌రెడ్డి అతను పోయిన దారి వైపు చూసి మీసం సవరించుకున్నాడు.

జాతరకు సుబ్బక్క పుట్టింటివాళ్ళు, అక్కల అత్తగారివాళ్ళు, వాళ్ళ వియ్యంకులు బండ్లు కట్టుకుని దిగారు. పిలవనివాళ్ళను కూడా ఓబుల్‌రెడ్డి పేరు పేరునా పలకరించాడు. పొద్దున్నే జరీ కండువా వేసుకుని గంగమ్మ ముందు నిలబడి రెండు చేతులూ చాపాడు. డప్పులు మోగుతున్నాయి. పూజారి మద్దిలేటి పళ్ళెం ఎత్తాడు.

అంతలో పల్లపింటి వైపు నుంచి ఒకావిడ పరుగున వచ్చి, తెల్లారుజామున గంగిరెడ్డి కోడలికి మగపిల్లవాడు పుట్టాడని చెప్పింది. అందరూ సంతోషించారు. మద్దిలేటి పళ్ళెం వెనక్కి లాక్కున్నాడు.

"ఏమప్పా?" అన్నాడు ఓబుల్‌రెడ్డి.

"పురుటి మైల గదా రెడ్డీ."

"పురుడొచ్చింది వాళ్ళింట్లో."

"దాయాదులింట్లో బిడ్డ పుడితే నీకూ పది దినాలు మైలే. ఆ పక్కకు నిలబడు, అమ్మవారి మీద నీ నీడ పడతాంది."

"వాళ్ళు మాకు యాడి దాయాదులు?"

"నువ్వే గదప్పా, చావడిలో చదివి వినిపిస్తివి."

డప్పులు ఆగిపోయాయి. జాతర పది రోజులు వెనక్కి పోయింది. పొట్టేళ్ళను మళ్ళీ ఇళ్ళకు తోలుకుపోయారు. ఊరివాళ్ళు ఓబుల్‌రెడ్డి వైపు చూసిన చూపుల్లో, పొట్టేళ్ళ మీద పెట్టుకున్న ఆశంతా కనిపించింది. ఇంత దూరం వచ్చాక జాతర చూడకుండా పోవడం అమ్మవారికి అపచారమని బంధువులు బండ్ల నుంచి ఎద్దుల్ని విప్పేశారు. సుబ్బక్క పెద్ద గుండిగ పొయ్యి మీద పెట్టింది.

ఓబుల్‌రెడ్డి కండువా చంకలో పెట్టుకుని పల్లపింటికి పోయాడు. గంగిరెడ్డి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు బెల్లం ముక్కలు పంచుతున్నాడు. ఒక ముక్క తీసి ఇతని చేతిలో పెట్టాడు.

"కూర్చో అన్నా."

"మనం దాయాదులమని నీకు ముందే తెలుసునా?"

"మా ఇంట్లో నాయన పోయేటప్పుడు కొడుక్కు చెప్పిపోతాడు. మీ నాయన నీ చిన్నప్పుడే పాయె, నీకు చెప్పేవాళ్ళు లేకపోయిరి."

"మరి ఇన్నేండ్లూ పగోళ్ళమని ఎందుకు కొట్లాడుకుంటిమి?"

గంగిరెడ్డి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఒగింటికి మైలొస్తే తాంబూలానికి ఇంకొగిల్లు మిగలాలని, ఊరి పెద్దలే మన ముత్తాతల్ని గంగమ్మ ముందర నిలబెట్టి, 'ఈ పొద్దు నుంచి మీరు అన్నదమ్ములు కాదు, పగోళ్ళు' అని ఒట్టేయించినారన్నా."