కిటికీ కింద కుర్చీ

పొద్దున్నే లేచి నాగవల్లి అద్దం చూసుకోదు. వెనకగది గోడ చూస్తుంది.

కిటికీ మూల నుంచి కిందికి దిగిన పగులు చివర ఒక బొట్టుబిళ్ల అంటించి ఉంటుంది. పక్క స్థలంలో అపార్ట్‌మెంటు పునాదుల కోసం నేలలోకి లోతుగా గోతులు తవ్వే మిషన్ వచ్చిన మర్నాడు, తన నుదుటిది తీసి అంటించింది. పగులు బిళ్ల దాటి కిందికొస్తే ఇంకోటి అంటిస్తుంది. అలా ఎర్రబిళ్లలు వరసగా ఉయ్యాల ఎత్తుకి దిగాయి.

ఉయ్యాలలో పాప. ఇంట్లో దూలానికి కొక్కెం ఉన్నది ఆ ఒక్క గదిలోనే.

మిషన్ తిరుగుతుంటే వంటింట్లో స్టీలు గిన్నెలు సన్నగా మోగేవి. భీమవరం నేల. కాస్త తవ్వితే బురద, ఇంకాస్త తవ్వితే నీళ్లు. తన ఇంటి కింది బురద అటువైపు జారిపోతున్నట్టు నాగవల్లికి అరికాళ్లలో తెలిసేది. భర్త సందీప్‌తో చెబితే, పాత ఇల్లన్నాక పగుళ్లుంటాయని రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవాడు.

మిషన్ కొద్దికొద్దిగా ఇటు జరిగింది. ఎక్కడెక్కడ తవ్వాలో సున్నంతో గుండ్రంగా గుర్తులు పెట్టారు. ఆఖరి గుర్తు ఆమె కిటికీ కిందికి వచ్చినట్టుంది.

అప్పుడొచ్చాడు ఆ ముసలాయన.

తెల్లపంచె, భుజాన తువ్వాలు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కిటికీ కింద వేసుకుని కూర్చున్నాడు. పేపరు చదివాడు. అన్నం క్యారేజీ అక్కడే విప్పుకుని తిన్నాడు. పొద్దుగూకాక కుర్చీ అక్కడే వదిలి వెళ్లాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

కాపలా మనిషి కాబోలనుకుంది.

మిషన్ అవతలి మూలకి పోయింది. గిన్నెలు మోగడం ఆగింది. పగులు కూడా ఆఖరి బిళ్ల దగ్గరే నిలిచిపోయింది.

నాగవల్లి మనసు కుదుటపడాలి. పడలేదు. భయపడటం అలవాటైన మనసుకి ఖాళీగా ఉండటం చేతకాలేదు. పగులుని వదిలి ముసలాయన్ని పట్టుకుంది.

ఆయన పేపరు మీదుగా గదిలోకి చూస్తున్నాడు. ఒకసారి లేచి, మునివేళ్ల మీద నిలబడి మరీ చూశాడు.

"అమ్మా, పాపని ఈ గదిలోనే పడుకోబెడతారాండి?"

ఆమె జవాబివ్వకుండా కిటికీ రెక్కలు మూసేసింది.

"ముందుగదిలో పడుకోబెట్టకూడదాండి?" అని రెక్కల అవతల నుంచి వినిపించింది.

ఆ సాయంత్రం పాపకి దిష్టి తీసింది. సందీప్‌తో చెబితే నవ్వాడు. "ఆ వయసులో కళ్లజోడు లేకపోతే నువ్వూ కనపడవు, నీ గోడా కనపడదు," అన్నాడు.

మర్నాడు సైటు బోర్డు మీది నంబరు చూసి తనే ఫోన్ చేసింది. బిల్డరు బుజ్జిబాబు అంతా విని నొచ్చుకున్నాడు. ఆడవాళ్లున్న ఇంట్లోకి అలా చూడటం తప్పేనన్నాడు. ఆ ముక్కేదో ఆ ముసలాయన కొడుకుతో ఆవిడే చెబితే బాగుంటుందని, అప్పటికప్పుడు లైను కలిపాడు.

"మీ నాన్నగారు మా గదిలోకి చూస్తున్నారండి," అంది నాగవల్లి.

"సారీ అండి, ఇంక రారు," అన్నాడు ఆ కొడుకు.

బుజ్జిబాబు ఆమెకి థ్యాంక్స్ చెప్పాడు. ఎందుకో రెండుసార్లు చెప్పాడు.

మధ్యాహ్నం ముసలాయన వచ్చాడు. కిటికీ వైపు తలెత్తలేదు. కుర్చీ మడత పడేది కాదు. దాన్ని చంకలో ఇరికించుకుని, నేల చూస్తూ నడిచిపోయాడు.

నాగవల్లి కిటికీ తెరిచింది. గాలి చల్లగా తగిలింది. కుర్చీ తీసిన చోట సున్నం గుర్తు ఒకటి, ఎండ తగలక, ఎవరూ తొక్కక, నిన్నగాక మొన్న పెట్టినట్టు తెల్లగా ఉంది.

మిషన్ ఇటు తిరిగింది.

గిన్నెలు మోగడం కాదు, గూట్లోంచి దొర్లాయి. నాగవల్లి వంటింట్లోంచి పరుగున వచ్చి పాపని ఎత్తుకుంది. గడప దాటుతుండగానే వెనక ధబ్బుమంది. తిరిగి చూస్తే ఉయ్యాల నిండా ఇటుకలు, సున్నపు పెళ్లలు. బొట్టుబిళ్లలన్నీ నిలువునా చిరిగి ఉన్నాయి. గోడలోంచి ఎండ లోపలికి వస్తోంది.

పాపని భుజానేసుకుని సైటులోకి వెళ్లింది. అక్కడున్న సూపర్‌వైజరు హర్షని, ఇంటిని ఆనుకుని తవ్వమని ఎవరన్నారని నిలదీసింది.

ఇది పోయినవారమే తవ్వాల్సిన గొయ్యి అన్నాడతను, కూలిన గోడకేసి చూస్తూ.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు ఆపారు?"

"మేం ఆపలేదండి. గోడ పగులుతోంది, లోపల పసిబిడ్డ ఉంది అని ఆ పెద్దాయన, పల్లంరాజు గారు, మొత్తుకున్నారు. కాగితాల మీద ఆయన తరఫున కొడుకు సంతకం పెట్టేశాడు, బిల్డరు గారు వినలేదు. దాంతో ఆ గుర్తు మీద కుర్చీ వేసుకు కూర్చున్నారు. మీరు ఫోన్ చేసేదాకా కదల్లేదు."

నాగవల్లి, కుర్చీ ఉన్న చోట ఇప్పుడున్న గొయ్యికేసి చూసింది.

"స్థలమే ఆయనదండి, మరి లెమ్మని మాలో ఎవరంటారు?"