ఎర్ర బటన్

"ఇదీ కాదు" అంటూ ఉబాల్డో పన్నెండో రిమోట్‌ను బల్ల మీద పెట్టేశాడు.

కొట్టువాడు విల్మెర్ నెత్తి కొట్టుకున్నాడు. "పెద్దాయనా, నువ్వు రిమోట్ కొంటున్నావా, పిల్లకి సంబంధం చూస్తున్నావా? టీవీ, కేబుల్ పెట్టె, డిస్కుల పెట్టె, స్పీకర్ల ఆంప్లిఫయరు, నాలుగింటికీ కలిపి ఒక్కటే కావాలన్నావు. ఇచ్చాను. దీనికేం రోగం?"

"అరవై బటన్లున్నాయి."

"ఉంటే?"

"మా ఆవిడకి ఒక్క బొటనవేలే ఆడుతుందయ్యా."

విల్మెర్ ఆ రిమోట్‌ను పక్కకి నెట్టాడు. వంగి బల్ల కింది అట్టపెట్టెలు వెతకడం మొదలుపెట్టాడు.

పక్షవాతం వచ్చి రెండేళ్లు. నెల్సీకి మిగిలింది ఆ వేలూ, రెండు కళ్లూ. ఒకసారి కళ్లు మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. ఒక్కతే పడుందన్న బెంగ లేకుండా ఉబాల్డో ఆమె మంచం హాల్లో వేయించి, ఎదురుగా గోడంత టీవీ, చుట్టూ ఐదు స్పీకర్లు పెట్టించాడు. తెల్లారింది మొదలు మోగుతూనే ఉంటాయి. రాత్రి కాస్త తగ్గిస్తాడు, అంతే. అయినా రోజూ ఆ టీవీ వంక చూసి ఆమె కన్నీళ్లు పెట్టుకుంటుంది. వేరే చానలా? కాదు. సీరియలా? కాదు. పాటలా, ఇంకా గట్టిగా పెట్టాలా? కాదు, కాదు. అడిగి అడిగి అతని ప్రాణం విసిగిపోయింది. నిన్న చివరికి, "పోనీ, రిమోట్ నీ చేతికే ఇచ్చేయనా?" అన్నాడు. ఆమె ఒక్కసారి కళ్లు మూసింది. ఆ ఒక్క అవును పట్టుకుని పొద్దున్నే బరాంకియా పట్నం బజారుకి పరుగెత్తుకొచ్చాడు. ఇదీ పనికిరాకపోతే ఇంక చేయగలిగింది లేదు. ఏడుస్తున్న మనిషి ముందు ఇంకో రోజు కూర్చునే ఓపిక అతనికి లేదు.

విల్మెర్ దుమ్ము ఊది ఒకటి అందించాడు. ఆరే బటన్లు, ఒక్కోటీ బిస్కెట్టంత. ఉబాల్డో నాలుగు వేళ్లూ ముడిచి, పండిన మామిడిని నొక్కి చూసినట్టు బొటనవేలితో మెల్లగా నొక్కాడు. కొట్లోని టీవీ ఠక్కున చానల్ మార్చింది. ముసలాయన ముఖం విప్పారింది.

"ఈ ఎర్రదేమిటి?"

"అదే దీని గొప్ప. ఒక్కసారి నొక్కితే నాలుగూ లేస్తాయి, మళ్లీ నొక్కితే నాలుగూ పడుకుంటాయి."

"పడుకోవడం అక్కర్లేదు. అది తీసెయ్."

"లేపేదీ అదే, పడుకోబెట్టేదీ అదే. సగం బటన్ అమ్మమంటావా ఏంటి?"

"ఇంట్లో మంచాన పడ్డ మనిషుందిరా నాయనా!"

విల్మెర్ గబుక్కున నుదుటికీ గుండెకీ శిలువ గుర్తు వేసుకున్నాడు. అతనిదీ ఉబాల్డో ఊరే మరి. అక్కడ పాటా మాటా వినబడని ఇల్లుందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారనే. చావొచ్చిన ఇంటివాళ్లే టీవీ కట్టేసి పైన గుడ్డ కప్పుతారు. రోగిష్టి ఉన్న ఇంట్లో ఆపడమన్న మాట ఎవరూ నోటంట రానివ్వరు.

"తప్పయింది మామా. ఆ ఎర్రదాని జోలికి పోవద్దని అత్తతో చెప్పు" అన్నాడు.

ఇంటికొచ్చీ రాగానే ఉబాల్డో రిమోట్‌ను నెల్సీ అరచేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ సర్దాడు. ఐదు స్పీకర్లలోంచీ అకార్డియన్ పాట హోరెత్తుతోంది. కిటికీ చువ్వలు కూడా అదురుతున్నాయి.

"ఇది చానల్, ఇది సౌండ్" అని అరిచి చెప్పాడు. ఎర్రదాని గురించి చెప్పలేదు. "నొక్కు తల్లీ. ఇంక అంతా నీ ఇష్టం."

బొటనవేలు కదిలింది. చానల్ దాటింది, సౌండ్ దాటింది, ఎర్ర బటన్ మీదికెళ్లి నొక్కింది.

ఇల్లు మూగబోయింది. ఫ్యాను కిర్రుమనడం రెండేళ్లలో మొదటిసారి వినబడింది. ఉబాల్డో తేరుకునేలోపే ఎదురింటి ఎనేయిదా తలమీద గుడ్డ లాక్కుంటూ పరుగెత్తుకొచ్చింది. వెనకాల ఇంకో ఇద్దరు ఆడవాళ్లు.

"అయ్యో అన్నయ్యా! ఎప్పుడు పోయింది? పొద్దున కిటికీలోంచి చూశానే, బాగానే ఉందే!"

"నోరు ముయ్యి! నిక్షేపంలా ఉంది. వేలు జారింది, అంతే." ఆమె వేలి మీద తన వేలు వేసి నొక్కాడు. పాట మళ్లీ హోరెత్తింది.

"అమ్మయ్య! నా గుండె ఆగినంత పనైంది" అంటూ ఎనేయిదా గోడకి చేరగిలబడింది.

నెల్సీ మళ్లీ నొక్కింది. నిశ్శబ్దం. ఉబాల్డో నొక్కాడు, పాట. నెల్సీ నొక్కింది. ఈసారి వేలు తియ్యలేదు. రెండు చెంపల మీదుగా నీళ్లు కారిపోతున్నాయి. దాని మీద వేలు పెట్టబోయిన ఉబాల్డో చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మంచం పట్టె మీద కూలబడ్డాడు. రెండేళ్లలో అన్నీ అడిగాడు, ఒక్కటి తప్ప.

"వద్దన్నయ్యా, ఆ మాట అడగొద్దు" అంది ఎనేయిదా.

"నెల్సీ..." అతను ఆమె ముఖం మీదికి వంగాడు. "ఇన్నాళ్లూ నువ్వు ఏడ్చింది... దీన్ని ఆపెయ్యమనా?"

నెల్సీ ఒక్కసారి కళ్లు మూసి తెరిచింది.