మొలవక ముందే

మంచి కోటు వేసుకున్న ఒక పెద్దావిడ గాజు షెడ్డులోకి వచ్చి, కుండీ ముందు గొంతుక్కూర్చుంది.

కుముదిని గబగబా ఆవిడ దగ్గరికెళ్లింది. ఆ రోజు పైఆఫీసు నుంచి అధికారి రావాలి. వచ్చేది ఆయనో, ఆవిడో కూడా ఎవరూ చెప్పలేదు.

అది 1974. పశ్చిమ జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి పరిశోధన కేంద్రం. కర్రపెండలంలో కలుపును మాత్రమే చంపే మందు కోసం పెద్దాపురం అమ్మాయి కుముదిని రెండేళ్లుగా తంటాలు పడుతోంది.

ఇంకో నెలలో ఫలితం చూపకపోతే పని ఆపేస్తారు.

"ఆకులు మాడాయేం?" అంది పెద్దావిడ.

"కలుపు మందేనండీ. పంటనూ మాడ్చేస్తోంది."

"ఎప్పుడు కొట్టావు?"

"కలుపు మొలిచాక."

పెద్దావిడ మట్టిలోకి వేలు దింపింది.

"మీరు నాటే ముక్క ఎంత లోతున ఉంటుంది?"

"నాలుగు వేళ్ల లోతున."

"కలుపు పైపైనే మొలుస్తుందమ్మాయీ. నాటిన మర్నాడే మట్టి మీద కొట్టు. పైది చస్తుంది, కిందది నిదానంగా లేస్తుంది."

పేరు అడిగేలోపే నవ్వి వెళ్లిపోయింది.

"ఈ మందు మట్టి మీద పనిచెయ్యదని పెద్ద శాస్త్రవేత్తలన్నారు కదండీ" అన్నాడు తోటి శాస్త్రవేత్త రంగనాథ్.

"అధికారే చెప్పారు కదండీ. చేసి తీరాల్సిందే."

చేశారు.

నెల తిరిగేసరికి కర్రపెండలం నవనవలాడింది. కుండీల్లో ఒక్క గడ్డిపోచ లేదు.

"మా పెద్దాపురం ఆడవాళ్లు ఇక కలుపు కోసం వంగక్కర్లేకుండా నడుం నిలబెడతారండీ" అంటూ కుముదిని అందరికీ కేకు పంచింది.

ఆ మధ్యాహ్నమే పొడవాటి పెద్దమనిషి ఒకాయన వచ్చాడు.

"క్షమించాలి. పోయిన నెల పైఆఫీసు తనిఖీకి జ్వరమొచ్చి రాలేకపోయాను" అని కుండీలు చూసి, ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఈ పని ఆగదు. ఇక పొలంలో చేద్దాం."

మరి ఆ రోజు వచ్చిందెవరు?

కుముదిని గేటు దగ్గరికి పరుగెత్తి, కోటు వేసుకున్న ఆ పెద్దావిడ ఎవరని అడిగింది.

కాపలా ముసలాయన నవ్వాడు.

"మా అక్కండీ. తూర్పు జర్మనీలో లైప్‌జిగ్ పక్క పల్లె. పెన్షన్ వయసొచ్చింది కాబట్టి సరిహద్దు దాటనిచ్చారు. నన్ను చూడ్డానికొచ్చి, మొన్ననే వెళ్లిపోయింది."

"అయ్యో, ఆవిడకి చెప్పాలండీ. అక్కడ ఏ పరిశోధన కేంద్రంలో చేసేవారు?"

"పరిశోధనా? ముప్పయ్యేళ్లు చక్కెరదుంప చేలల్లో మోకాళ్ల మీద కలుపు తీసిందండీ."