పచ్చదీపం వెలిగిన మాంసం

మా వంటింటి పొయ్యికి నామీద నమ్మకం లేదు. ఈ రోజుల్లో ఎవరి పొయ్యికీ ఇల్లాలి మీద నమ్మకం లేదు. మాంసాన్ని ముందు తనిఖీ మిషన్ కింద పెట్టాలి. పచ్చదీపం వెలిగితే ఏడు నిమిషాలకు పొయ్యి తనంతట తానే ఆరిపోతుంది. అంతకన్నా ఉడికించడం అనాగరికమట.

ఆరో నెల కడుపుతో ఉన్న మా ఆడపడుచు రోజ్‌లిన్ పంది కూర తినాలనిపించి వచ్చింది. ప్యాకెట్ విప్పితే ముక్కల నిండా బియ్యపు గింజల్లాంటి తెల్లటి పొక్కులు. బద్దెపురుగు పిల్లలు లోపల కాపురం పెట్టాయి. ఏడు నిమిషాల ఉడుకుకి అవి చావవు, వెచ్చగా స్నానం చేస్తాయి. మిషన్ మాత్రం పచ్చదీపం వెలిగించింది.

"ఇది పారేద్దామండీ," అన్నాను.

మా ఆయన విక్టర్‌బాబు నవ్వారు. "మిషన్‌కి కనబడనిది నీకు కనబడిందా? ఎప్పుడో చదివిన జువాలజీ ఇంకా వదల్లేదన్నమాట! పొయ్యి మీద పెట్టు, చెల్లి ఆకలితో ఉంది."

"సరే, మిషన్‌నే ఇంకోసారి అడుగుదాం. కాస్త చెయ్యి ఇలా ఇవ్వండి."

ప్యాకెట్ మీది స్టిక్కర్ ఊడదీసి, ఆయన ముంజేతికి అంటించి, మిషన్ కింద పెట్టాను.

పచ్చదీపం వెలిగింది. "మేలురకం పంది మాంసం. పురుగులు లేవు. ఏడు నిమిషాలు ఉడికిస్తే చాలు," అని మిషన్ తీయగా పలికింది.

ఆయన చెయ్యి లాక్కున్నారు. మాంసాన్ని తనే తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసి, కందిపప్పు డబ్బా నా చేతికిచ్చారు.

రోజ్‌లిన్ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "మా అన్నయ్యకి ఏడు నిమిషాలు ఏం సరిపోతాయి వదినా!"