గీత మీద నడక

"నడవాలంటే నీ చెయ్యి వదలాలంట. ఇదేం వైద్యం క్రిస్టీ?" అన్నాడు నెహెమ్యా.

క్రిస్టినా నవ్వింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

పెట్టెలో పెళ్లిచీరల మడతలు ఇంకా విప్పనేలేదు. ఆసుపత్రి మంచం మీద ఉన్నా మొగుడు ఆమెకి ముద్దుగానే కనిపిస్తున్నాడు. తలకున్న కట్టుని చూసి, పెళ్లికొడుకు తలపాగా అని పొద్దున్నే ఆటపట్టించింది కూడా.

ఆ నవ్వు వెనక భయం ఉంది.

నెహెమ్యాది ముదినేపల్లి అవతల చేపల చెరువుల మీద పని. రోజంతా సన్నటి గట్ల మీదే నడక. ఫిట్స్ వచ్చి నీళ్లలో పడితే, పక్కవాళ్లు జుట్టు పట్టుకుని లాగారు. ఎన్ని మాత్రలు మార్చినా తగ్గలేదు. చివరికి ఏలూరులో డాక్టర్ సాయిప్రియ అతని చిన్నమెదడులో సన్నని తీగ పెట్టారు. అందులోంచి కొద్దికొద్దిగా కరెంటు వెళుతుంది. ఇంకా ప్రయోగదశలో ఉన్న వైద్యం.

"ఫిట్స్‌ని అదుపు చెయ్యడంలో చిన్నమెదడు సాయం చేస్తుందమ్మా. కానీ నడకలో నిలకడ చూసేదీ అదే. తీగ కాస్త పక్కకి జరిగినా నడక పోవచ్చు," అని ముందే చెప్పారావిడ.

ఫిట్స్ ఆగకపోతే చెరువు మింగుతుంది. నడక పోతే గట్టే ఎక్కలేడు.

ఈ రోజే నడిపించి చూస్తారు.

తలుపు దగ్గర అలికిడైంది.

ఎవరో పెద్దమనిషి. తెల్లచొక్కా, నెరిసిన గడ్డం. ఒక చెయ్యి గోడకి ఆనించి, నిలబడినచోటే తూలుతున్నాడు.

"అబ్బాయి... నడిచాడా అమ్మా?" మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఎవరండీ మీరు?"

"నడుస్తుంటే... చూసి పోతాను."

అతని చూపు నెహెమ్యా పాదాల మీదే ఉంది. లోపలికి అడుగేయబోయి మంచం మీదకి ఒరిగాడు. క్రిస్టినా చప్పున మొగుడి తలకి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

చెరువుగట్ల మీద తూలే మనిషికి ఒకటే అర్థం. నీళ్ల దగ్గర్నుంచి ముందు వాణ్ణి తోలేస్తారు, తర్వాతే మాట.

"పట్టపగలు తాగి ఆసుపత్రికి వస్తారాండీ?"

"నేను తాగను తల్లీ."

"అందరూ చెప్పేది అదేనండీ," అంటూ వాచ్‌మన్ వచ్చి అతని జబ్బ పట్టుకున్నాడు. "పదండి బాబాయ్, బస్టాండు అటు."

"పోనీలే క్రిస్టీ, ఓ కుర్చీ వెయ్యి ఆయనకి," అన్నాడు నెహెమ్యా.

"మీరు ఊరుకోండి. తల మీద పడుంటే?"

గుమ్మం దగ్గర అతను ఆగాడు.

"తొందరపెట్టకండమ్మా అతన్ని," అని వెళ్లిపోయాడు.

కాసేపటికి డాక్టర్ సాయిప్రియ వచ్చారు.

"టైల్స్ మధ్య గీత కనిపిస్తోందా నెహెమ్యా గారూ? ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్లు ఆనిస్తూ దాని మీదే నడవండి."

క్రిస్టినా చెయ్యి వదిలింది.

ఒక అడుగు. ఇంకో అడుగు. మూడో అడుగుకి ఒళ్లు పక్కకి వాలింది.

క్రిస్టినా చెయ్యి చాచబోయి ఆపుకుంది.

నెహెమ్యా ఆగాడు, నిలదొక్కుకున్నాడు. మళ్లీ కదిలి, గీత తప్పకుండా కిటికీ దాకా వెళ్లాడు.

"మా గట్టు దీనికంటే వెడల్పేనండీ," అన్నాడు అక్కణ్ణుంచి.

క్రిస్టినాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

డాక్టర్ గుమ్మం వైపు చూశారు.

"హఫీజ్ గారు రాలేదా? మీరు నడిచేది చూడాలని తాడేపల్లిగూడెం నుంచి పొద్దున్న బస్సుకే బయల్దేరారే."

క్రిస్టినా ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"నెరిసిన గడ్డమాండీ? కొంచెం... తూలుతూ..."

"ఆయనే."

ఆమె కిటికీ దగ్గరికి పరుగెత్తింది. రోడ్డు మీద తెల్లచొక్కా ఎక్కడా లేదు.

"ఎవరండీ ఆయన?" అడిగాడు నెహెమ్యా.

"ఈ ఆపరేషన్ మొట్టమొదట చేయించుకున్న మనిషి," అన్నారు డాక్టర్. "ఫిట్స్ ఆగాయి గానీ నడకలో నిలకడ పోయింది, మీకు తీగ ఎక్కడ పెట్టకూడదో మాకు తెలిసింది ఆయన తూలడం చూసే."