చేపముల్లు

"ఇగ భయం లేదురా బాలస్వామీ! మిలిట్రీ ఇబ్రహీంపట్నం దాక వచ్చింది. రజాకార్లు ఉరికిన్రు," అంటూ రుక్కమ్మ రోజూలాగే చేపకూర కలిపిన అన్నం అతని ముందు పెట్టింది.

ఆమె కొడుకు శివయ్యను రజాకార్లు కాల్చి చంపి ఏడాదైంది. అతని దోస్తు బాలస్వామి ఆ రోజు నుంచే పిచ్చివాడయ్యాడు.

ఇవాళ మొదటిసారి అతను ఆమె కళ్లలోకి చూశాడు.

"అవ్వా, నాకు పిచ్చి లేదు. నన్ను గూడ సంపుతరని ఏశమేసిన."

"ఎరికే."

ముల్లు తీస్తున్న అతని వేళ్లు ఆగిపోయాయి.

"ఎప్పటిసంది?"

"మొదటి దినం సంది. పిచ్చోడు గింత పైలంగ ముండ్లు ఏరుకుంటడా?"

"మరి ఎవ్వరికీ ఎందుకు చెప్పలే?"

"ఒక్కటి అడుగుదామని బతికించుకున్న. నా కొడుకు చెర్వు తుంగల దాక్కున్నడని నీకొక్కనికే ఎరుక. వాళ్లకెవరు చెప్పిన్రు? ఇప్పుడు తెలివిల ఉన్నవు గద, చెప్పు కొడుకా."

బాలస్వామి పకపకా నవ్వాడు.

ఏరి పక్కన పెట్టిన ముళ్లన్నీ మళ్లీ అన్నంలో కలుపుకుని, ముద్ద తర్వాత ముద్ద మింగసాగాడు.